ప్రకటనల రాబడియు, సహకార సంఘముల కర్తవ్యమును

సహకార సంఘములు నడుపు మాసపత్రికలలోను, వెబ్‌సైటులలోను వర్తకుల ప్రకటనలు వేసి రాబడి సంపాదింపవచ్చునా, కూడదా యను ప్రశ్న మన గుంటూరు, ప్రకాశము ప్రాంతముల సభ్యుల నడుమ తఱచుగా వినవచ్చుచున్నది. కాగితము ధరయు, అచ్చుకూలియు, తపాలా ఖర్చును పెరుగుచున్నవి. వెబ్‌సైటు పేరు నిలుపుకొనుటకును, అందలి విషయములను భద్రపఱచు స్థలమునకును ఏటేట సొమ్ము చెల్లింపవలెను. యార్డు ధరలు, వాన కబుర్లు, చీడపీడల సమాచారము ఎప్పటికప్పుడు వ్రాసి పెట్టు గుమాస్తాకు జీతమీయవలెను. ఈ ఖర్చులు చందాలతో తీఱనప్పుడు, "ఊరక పడియున్న చోటును ప్రకటనలకిచ్చి నాలుగు రూకలు తెచ్చుకొన్న తప్పేమి?" యని కొందఱు సభ్యులు అడుగుచున్నారు. "లాభాపేక్ష లేని సంఘమునకు వర్తకుల సొమ్మెందులకు?" అని మఱికొందఱు వారించుచున్నారు.

ఈ విషయమున మా యభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. ప్రకటనల సొమ్ము సంఘమునకు నిషిద్ధము కాదు. కాని రైతు ఏ సరకు కొనుటకు మన సలహా కోరునో, ఆ సరకు అమ్మువాని వద్ద సంఘము ప్రకటన సొమ్ము పుచ్చుకొనరాదు. ఏ ప్రకటన వేయవలెనో నిర్ణయించు అధికారమును సంఘము పరులకు, అందును యంత్రమునకు, అప్పగింపరాదు. ఈ రెండు కట్టుబాటులు నిలిచియున్నంతవఱకే ఆ రాబడి మనకు మేలు చేయును.

సంఘము రాబడి పొందుట తప్పా?

వారించువారి శంకను మొదట విచారింతము. లాభాపేక్ష లేదనగా రాబడియే యుండరాదని యర్థము కాదు. వచ్చిన మిగులును కొద్దిమంది తమ స్వంతమునకు పంచుకొనరాదని దాని యర్థము. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది. దాని వెనుక 1912లో విస్తృతమైన చట్టమును, 1932లో మదరాసు రాజధాని చట్టమును, 1964లో ఆంధ్రప్రదేశ్ చట్టమును, 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును వచ్చినవి. ఇన్ని చట్టముల కాలమునను సంఘములు వడ్డీయు, కమీషనును, గిడ్డంగి అద్దెయు తీసికొనుచునే వచ్చినవి. మిగిలిన దానిలో కొంత నిల్వనిధికి చేర్చుచునే వచ్చినవి. గిడ్డంగిలో నొక మూలను అద్దెకీయగల సంఘము పత్రికలో నొక మూలను అద్దెకిచ్చుట వింత గాదు.

అయితే సభ్యుల సొమ్మునకును, బయటివారి సొమ్మునకును చట్టము భేదము చూచును. ఒకరికొకరు సాయపడుటకై కూడినవారు తమలో తాము వేసికొన్న సొమ్ములో మిగిలినది లాభము కాదను పరస్పరతా న్యాయమును న్యాయస్థానములు చాలకాలముగా నంగీకరించుచున్నవి. కాని బెంగుళూరు క్లబ్బు వ్యాజ్యమున 2013లో సుప్రీము కోర్టు, క్లబ్బు తన సొమ్మును బ్యాంకులలో వేసి పొందిన వడ్డీకి ఆ న్యాయము వర్తింపదని తీర్పు చెప్పినది. ప్రకటనల సొమ్ము బయటి వర్తకుని యొద్దనుండి వచ్చునది గనుక, దానిని చందాలతో కలిపి వ్రాయక వేఱు ఖాతాలో వ్రాయవలెను. ఆదాయపు పన్ను, వస్తుసేవల పన్నుల విషయము ఒప్పందము వ్రాసికొనుటకు ముందే ఆడిటరుతో తేల్చుకొనవలెను. ఎరువులమ్ముటకై వస్తుసేవల పన్ను క్రింద నిదివఱకే నమోదైయున్న సంఘములు, ప్రకటన రాబడి కొంచెమే గదా యని ఊరకుండరాదు.

ధర్మసంస్థల విషయమున పార్లమెంటు చేసిన యొక నిబంధన మనకు కొలబద్దగా పనికివచ్చును. సార్వజనిక ప్రయోజనము కొఱకని పన్ను మినహాయింపు పొందు సంస్థలకు వర్తకము వలన వచ్చు సొమ్ము మొత్తము రాబడిలో 20 శాతము మించరాదని 2015లో ఏర్పఱచిరి. 2022 అక్టోబరులో సుప్రీము కోర్టు ఆ హద్దును గట్టిగా పాటింపవలెనని చెప్పినది. మన సంఘములు ఆ తరగతికి చెందినవి కాకపోవచ్చును. అయినను బయటి సొమ్ము అయిదింట నొక వంతు దాటినచో సంస్థ స్వభావమే మాఱునను ఆలోచన దాని వెనుక నున్నది. దానిని మనము గ్రహింపవలసియున్నది.

పూర్వులు నడచిన రెండు త్రోవలు

ఈ ప్రశ్న వెబ్‌సైటులతో క్రొత్తగా పుట్టినది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము నెలకొల్పిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. 1914లో మదరాసున దినపత్రికగా నడిపించిరి. 1924లో భారతి మాసపత్రికను స్థాపించిరి. తలనొప్పి మందు వలన వచ్చిన ధనము తెలుగువారి పత్రికను, సాహిత్యమును పోషించినది. మందు ఎవరిదో, పత్రిక ఎవరిదో చదువరులందఱు ఎఱుగుదురు. ఇందు దాపరికము లేదు. సొమ్ము ఎచ్చటినుండి వచ్చుచున్నదో చదువరికి తెలిసినచో, దానిని బట్టి పత్రిక మాటను తూచుకొనుట కతనికి వీలుండును.

గాంధీమహాత్ముడు వేఱొక త్రోవ నడచెను. యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికలను 1919లో తన చేతికి తీసికొన్న తరువాత వానిలో ప్రకటనలు వేయించలేదు. అందువలన పత్రికలు నష్టపడలేదనియు, వాని స్వాతంత్ర్యము నిలుచుటకు అది తోడ్పడెననియు ఆత్మకథలో వ్రాసికొనెను. పత్రిక అక్కఱ యున్నవారు చందా కట్టి నిలుపుకొందురనియు, నిలుపుకొననిచో ఆ పత్రిక అక్కఱ లేదనియు ఆయన తలంపు.

ఈ రెండు త్రోవలలో నేది యనుసరించినను దోషము లేదు. వచ్చిన సొమ్ము దాచుటయు, దాని కొఱకు మాట మార్చుటయు దోషములు. వెబ్‌సైటు ప్రకటనలలో ఈ రెండు దోషములకును మున్నెన్నడును లేనంత సందు కలదు. అది యెట్లో వివరింతుము.

చూపునకు వేలము

గూగుల్ వారు 2003లో యాడ్‌సెన్స్ అను ఏర్పాటును ప్రారంభించిరి. 2018లో తెలుగు పుటలకును దానిని వర్తింపజేసిరి. సంఘము తన వెబ్‌సైటులో నొక చోటును ఖాళీగా నుంచి వారి కప్పగించును. సభ్యుడు సెల్‌ఫోనులో ఆ పుట తెఱచిన క్షణముననే ఆ చోటునకు వేలము జరుగును. మిర్చి యార్డులో టిక్కీల యెదుట వ్యాపారులు ధర చెప్పునట్లు, ఇచ్చట కంప్యూటర్లు ధర చెప్పును. వేలమునకు పెట్టబడిన సరకు రైతు చూపు. ఎక్కువ పాడినవాని ప్రకటన ఆ చోట కనబడును. వచ్చిన సొమ్ములో గూగుల్ తన భాగము ఉంచుకొని తక్కినది సంఘము ఖాతాకు వ్రాయును. నూఱు డాలర్లు పోగైన తరువాతనే సొమ్ము చేతికి వచ్చును.

యార్డునకును, దీనికిని ఒక పెద్ద భేదము గలదు. యార్డులో పాడినవాడెవడో రైతునకు కనబడును. ఇచ్చట పాడినవాడెవడో సంఘమునకు ముందుగా తెలియదు. ఒకే పుటను పదిమంది తెఱచిన, పదిమందికి పది ప్రకటనలు కనబడవచ్చును; ఎందుకన, ఆ మనిషి అంతకుముందు ఫోనులో నేమి వెదకెనో, ఎచ్చట నుండెనో లెక్కలోనికి తీసికొని వేలము జరుగును. జూదము, మద్యము మొదలగు కొన్ని తరగతులను వలదని సంఘము నిరోధింపవచ్చును. నిరోధించిన పిదప మిగిలినవారిలో ఎవరు వత్తురో ముందుగా నెఱుగు వీలు లేదు.

ఈ రాబడి యెంత యుండునో కూడ విచారింపవలెను. లెక్క కొఱకు మాత్రమే ఈ యంకెలు చెప్పుచున్నాము. రెండువేల మంది సభ్యులున్న సంఘములో ఒక్కొక్కరు నెలకు పది పుటలు తెఱచినారనుకొందము. మొత్తము ఇరువదివేల పుటలు. వేయి పుటలకు నలువది రూపాయలు సంఘమునకు వచ్చిననుకొన్నచో నెలకు 800 రూపాయలు. అదే రెండువేల మంది నెలకొక్క రూపాయి చొప్పున చందా పెంచుకొన్నచో నెలకు 2,000 రూపాయలు. అనగా సభ్యుడు రూపాయి యిచ్చుటకు వెనుదీసి, దానిలో సగము కంటె తక్కువ సొమ్మునకు తన చూపును, తన వివరములను పరులకు వేలము పెట్టుచున్నాడన్నమాట. లక్షల మంది చూచు పెద్ద వెబ్‌సైటులకు ఈ లెక్క వేఱు. మండల పరిధిలోని సంఘమునకు మాత్రము ఇది పెద్ద రాబడి కానేరదు.

ఇంకొక చిక్కు కలదు. సంఘమునకు సాయపడుదమను మంచి మనసుతో సభ్యులు తామే మాటిమాటికి ప్రకటనలపై నొక్కుట ఆ సంస్థ నిబంధనలకు విరుద్ధము. నొక్కుడని మనము కోరుటయు విరుద్ధమే. అట్లు జరిగినచో ఖాతా మూయబడును, పోగైన సొమ్ము పోవును. ఈ సంగతి తెలియకయే వెబ్‌సైటు ప్రారంభించువారు ముందుగా తెలిసికొనుట మేలు.

రైతు చూపును కోరువారెవరు?

ప్రత్తియు, మిరపయు పండించు రైతు చూపునకు ఎక్కువ ధర పాడువారెవరో చెప్పనక్కఱలేదు. పురుగుమందుల కంపెనీలు, విత్తనముల కంపెనీలు, జీవ ఉత్ప్రేరకములని పేరు పెట్టి సీసాలమ్మువారు, గంటలో అప్పిత్తుమను ఫోను వడ్డీవ్యాపారులు మొదలగువారు వత్తురు. మన పత్రిక "ఈ పురుగునకు ఇప్పుడు మందు కొట్టనక్కఱలేదు, పది దినములు ఆగుడు" అని వ్రాసిన పుటలోనే, "ఒక్క పిచికారీతో పురుగు మాయము" అను ప్రకటన వెలుగుచుండును. పురుగు పేరు పుటలో నున్నందుననే యంత్రము ఆ ప్రకటనను అచ్చటికి తెచ్చును. రైతు రెండిటిని ఒక్క చోట చూచును. రెండును సంఘము మాటలే యనుకొనును.

ఈ హెచ్చరిక ఊహ వలన పుట్టినది కాదు. మన ప్రాంతము దీనికి వెల చెల్లించినది. 1980 తరువాత సింథటిక్ పైరిథ్రాయిడ్లనబడు క్రొత్త పురుగుమందులు ప్రత్తి చేలలో ప్రవేశించినవి. మొదట కాయతొలుచు పురుగుపై చక్కగా పనిచేసినవి. పిదప వానినే మితిమీరి కొట్టుటచే పురుగు లొంగకుండెను, పురుగులను తిను మేలుపురుగులు నశించెను, తెల్లదోమ విజృంభించెను. మందు పనిచేయనికొలది రైతు ఇంకను ఎక్కువ సారులు కొట్టెను. 1987-88 పంటకాలమున గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి దెబ్బతిని, అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొనిరి. కొందఱు త్రాగినది చేనికి తెచ్చిన మందే. ఆ మరణములకు ప్రకటనలే కారణమని మేము చెప్పుట లేదు. అనావృష్టియు, ధరలును, అప్పులును, కౌలు భారమును కలిసి ఆ విపత్తును తెచ్చినవి. కాని ఏ మందు కొనవలెను, ఎన్నిమారులు కొట్టవలెను అను ప్రశ్నకు అనేక గ్రామములలో సమాధానము చెప్పినవాడు మందును అరువుపై అమ్మిన దుకాణదారుడే. అమ్మువాడే వైద్యుడైనప్పుడు రోగి గతి యేమగునో ఆ యేడు తెలిసినది.

మిరప రైతునకు 2021-22లో అట్టి పరీక్షయే మరల వచ్చినది. 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయిపై మన దేశమున మొదట కనబడిన నల్ల తామరపురుగు 2021లో మన మిరప చేలలోనికి వచ్చి పూవును మాడ్చివేసినది. రైతులు దొరికిన మందునెల్ల తెచ్చి కొట్టిరి. విచక్షణ లేక మందులు కలిపి కొట్టినచో మేలుపురుగులు నశించి తామరపురుగు మఱింత పెరుగుననియు, నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె మొదలగు ఉపాయములు కలిపి వాడుడనియు శాస్త్రజ్ఞులు చెప్పిరి. 1922లో నెలకొన్న లాం పరిశోధనాస్థానము మన గుంటూరు ప్రక్కనే యున్నది. దాని మాట రైతు చెవికి చేరుట కంటె ముందు సీసాలమ్మువాని మాట చేరుచున్నది. సంఘము పత్రిక యున్నది లాం మాటను రైతునకు చేర్చుటకే. ఆ పని చేయవలసిన పుటనే సీసాలమ్మువానికి అద్దెకిచ్చినచో, పత్రిక దేనికొఱకు పుట్టినదో ఆ పనికే యడ్డుపడినట్లగును.

వార్త వేషము వేసికొన్న ప్రకటన

ప్రకటన ప్రకటనగా కనబడినచో చదువరి కొంత జాగ్రత్తపడును. వార్త వేషమున వచ్చినప్పుడు జాగ్రత్తపడు వీలు లేదు. మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో భాంబ్‌రాజా, అంతర్‌గావ్ అను రెండు గ్రామములు బీటీ ప్రత్తి వలన బాగుపడినవని ఒక ప్రముఖ ఆంగ్ల దినపత్రిక 2008లో పూర్తి పేజీ వార్త వ్రాసినది. అదే వ్రాత 2011 ఆగష్టులో అదే పత్రికలో విత్తనముల కంపెనీ ప్రచారముగా మరల వెలువడినది. 2012 మార్చిలో పార్లమెంటు స్థాయీసంఘము ఆ గ్రామములకు పోయినప్పుడు, తమ యూర రైతులు ఆత్మహత్యలు చేసికొన్నారని భాంబ్‌రాజా వారు చెప్పిరి. ఈ కథనంతయు 2012 మే మాసమున పాలగుమ్మి సాయినాథ్ గారు హిందూ పత్రికలో బయటపెట్టిరి. వేల పత్రికలమ్ము సంస్థకే ప్రకటనకును, వార్తకును నడుమ గోడ నిలుపుట కష్టమైనప్పుడు, ఒక్క గుమాస్తాయే వ్యవసాయపు పుటయు వ్రాసి ప్రకటనలును తెచ్చు చిన్న సంఘములో ఆ గోడ ఎంతకాలము నిలుచును?

ఇట్టి భయముననే కొన్ని సంస్థలు ప్రకటనలను పూర్తిగా మానివేసినవి. అమెరికాలో 1936లో స్థాపింపబడిన వినియోగదారుల సంఘమొకటి సరకులను పరీక్షించి మంచిచెడ్డలను తన పత్రికలో వ్రాయును. సరకులమ్మువారి ప్రకటనలను ఆ పత్రికలో వేయదు. చందాలపైనను, విరాళములపైనను నిలిచియున్నది. అంతర్జాలమున వికీపీడియా ప్రకటనలు లేక విరాళములతోనే నడచుచున్నది. ప్రకటనలు వచ్చునేమో యను అనుమానము ముఖ్యకారణముగా 2002లో స్పానిషు భాషలో వ్రాయువారు పలువురు దానిని విడిచి వేఱు విజ్ఞానసర్వస్వమును ప్రారంభించిరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాయు ప్రకటనలు లేకయే సాగుచున్నది. ఇందుకు భిన్నముగా, ఫైర్‌ఫాక్స్ అను సాధనమును ప్రజలకు ఉచితముగా నిచ్చు మొజిల్లా సంస్థ లాభాపేక్ష లేనిదయ్యును, దాని రాబడిలో అధికభాగము వెదకుడు యంత్రమును నడుపు ఒక్క కంపెనీ చెల్లించునదే. ఆ యొక్క ఒప్పందము కదలినచో సంస్థయే కదలునని దాని శ్రేయోభిలాషులు ఏండ్ల తరబడి చింతించుచున్నారు. ఒక్క కాలువపై నాధారపడిన చేనునకును, ఒక్క దాతపై నాధారపడిన సంస్థకును భయమొక్కటే.

మేము సూచించు కట్టుబాటులు

ఈ విషయములన్నియు తలపోసి, సంఘములు తమ మహాసభలో ఈ క్రింది కట్టుబాటులను తీర్మానముగా చేసికొనవలెనని మేము సూచించుచున్నాము.

మొదటిది: పురుగుమందులు, విత్తనములు, ఎరువులు, పైరు బలమునకని అమ్మబడు సీసాలు, అప్పులు, యార్డులోని కమీషను దుకాణములు, వీని ప్రకటనలు వెబ్‌సైటునను, పత్రికలోను తీసికొనరాదు. సిగరెట్ల ప్రకటనలను 2003 నాటి చట్టమును, సొమ్ము పెట్టి ఆడు అంతర్జాలపు ఆటల ప్రకటనలను 2025 నాటి చట్టమును ఎట్లును నిషేధించినవి.

రెండవది: యంత్రము వేలము వేయు ప్రకటనలకు చోటీయరాదు. ఎవరి ప్రకటన, ఎన్ని దినములు, ఎంత సొమ్మునకు అను మూడు సంగతులు వ్రాతమూలకముగా నిర్ణయించి, పాలకవర్గము చూచి యొప్పుకొన్న ప్రకటననే వేయవలెను. బట్టల దుకాణములు, పుస్తకముల అంగళ్లు, ట్రాక్టరు మరమ్మతు చేయువారు, పాఠశాలలు, ఇతర సహకార సంఘములు, మార్కెట్ కమిటీ నోటీసులు, మన యూళ్ల చేతిపనివారు మొదలగువారికి చోటీయవచ్చును. వీరు సభ్యులకు తెలిసినవారు. మోసము చేసినచో అడుగు వీలున్నవారు.

మూడవది: ప్రతి ప్రకటనకు చుట్టు గీత గీసి, పైని "ప్రకటన" అని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ప్రకటనకర్త వ్రాసియిచ్చిన వ్యాసమును వ్యవసాయపు పుటలో నెట్టి పరిస్థితిలోను వేయరాదు. వ్యవసాయపు పుట వ్రాయువాడు ప్రకటనలు తెచ్చువాడు కారాదు.

నాల్గవది: పత్రిక, వెబ్‌సైటుల ఖర్చులో అయిదింట నొక వంతునకు మించి ప్రకటనల సొమ్ము ఉండరాదు. ఏ యొక్కరి యొద్దనుండియు ఆ సొమ్ములో నాల్గవ వంతుకు మించి తీసికొనరాదు. రేపు ప్రకటనలన్నియు నిలిచిపోయినను పత్రిక మూతపడకుండ నుండవలెను.

అయిదవది: ఎవరెంత యిచ్చిరో మూడు నెలలకొకసారి పత్రికలోనే లెక్క అచ్చువేయవలెను. సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, భూమి వివరములు ఏ ప్రకటనకర్తకును ఈయరాదు. వ్యక్తుల వివరములను కాపాడుటకు 2023లో పార్లమెంటు చట్టమే చేసినది.

ఆఱవది: అబద్ధపు ప్రకటన వేసినవానికే కాక దానిని ప్రచురించినవానికిని జరిమానా విధించు అధికారము 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున కలదు, మొదటి తప్పునకు పది లక్షల రూపాయల వఱకు విధింపవచ్చును. కావున ప్రకటనలోని మాటకు ఋజువు చూపుమని అడుగు హక్కు సంఘమునకు కలదని ఒప్పందములో వ్రాసికొనవలెను.

కొన్ని ఆక్షేపణలు

"గోడలపైన, బస్సులపైన, టెలివిజనులో, ప్రతి ఫోనులో ఆ మందుల ప్రకటనలే యున్నవి. మనమొక్కరము కాదన్న నేమి ప్రయోజనము?" అని కొందఱందురు. అన్నిచోట్ల నున్నవి గనుకనే అవి లేని చోటొకటి రైతునకు కావలెను. ఊరిలోని బావులన్నిటిలో ఉప్పునీరు పడినప్పుడు మంచినీటి బావి యొక్కటి మిగిలియున్నచో దానిని కాపాడుకొందుము గాని, తక్కినవి ఉప్పనైనవి గదా యని దీనిలోను ఉప్పు కలుపుకొనము.

"మంచి మందులమ్ము కంపెనీలు లేవా? వారి ప్రకటన వేసిన తప్పేమి?" అని మఱికొందఱు అడుగుదురు. మంచి మందులు లేకపోలేదు. మంచిదైనచో దానిని ఎప్పుడు, ఎంత వాడవలెనో వ్యవసాయపు పుటలో ఉచితముగనే వ్రాయుదుము. సొమ్ము పుచ్చుకొని వ్రాసినచో ఆ మంచి మాటకును విలువ యుండదు.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ యింకొకటి కలదు: "సంఘములే ఎరువులు, మందులు అమ్ముచున్నవి గదా! సంఘము స్వంత దుకాణమే ఒక ప్రకటనకర్త కాదా?" ఈ మాటలో నిజమున్నది. గిడ్డంగిలో నిల్వయున్న సరకు అమ్ముడుపోవలెనను కోరిక సంఘమునకును కలుగును. దీనికి మేము చూపు మార్గము నాగేశ్వరరావు పంతులుగారి నాటి దాపరికము లేని మార్గమే. ఏదైన సలహా వ్రాసినప్పుడు ఆ మందు సంఘము దుకాణమున నిల్వయున్నచో ఆ సంగతి ప్రక్కనే వ్రాయవలెను. మందు అక్కఱలేదని శాస్త్రజ్ఞులు చెప్పినప్పుడు, నిల్వ మిగిలిపోయినను సరే, అక్కఱలేదనియే వ్రాయవలెను. మిగిలిన నిల్వ వలన సంఘమునకు కలుగు నష్టము లెక్కపుస్తకమున ఒక పంక్తి. అక్కఱలేని పిచికారీ వలన రైతునకు కలుగు నష్టము అతని చేనిలోను, అప్పులోను కనబడును.

సభ్యులకు విజ్ఞప్తి

2022లో జిల్లాల విభజన తరువాత గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము అని పేర్లు వేఱైనను, ఈ నేలపై పండు ప్రత్తికిని, మిరపకును, వానిని పండించు రైతునకును చిక్కులు ఒక్కటే. ధర మన చేతిలో లేదు. వాన మన చేతిలో లేదు. ఎవరి మాట వినవలెనో నిర్ణయించుకొనుట మాత్రము మన చేతిలో నున్నది. సంఘము పత్రిక ఆ నిర్ణయమునకు సాయపడునట్టిదై యుండవలెను.

రాబోవు మహాసభలో ఈ విషయము చర్చకు వచ్చినప్పుడు సభ్యులు రెండు సంగతులు పాలకవర్గము నడుగవలెనని మా ప్రార్థన. పత్రికకును, వెబ్‌సైటునకును సంవత్సరమున కయ్యెడి ఖర్చెంత? ఆ ఖర్చును సభ్యుల సంఖ్యచే భాగించిన ఒక్కొక్కరిపై పడునదెంత? ఆ యంకె చూచిన పిదప చందా పెంచుకొందురో, హద్దులలోపల ప్రకటనలు తీసికొందురో, రెండును చేయుదురో సభ్యులే నిర్ణయింతురుగాక. చందా కట్టిన సభ్యుడు పత్రికను "ఇట్లేల వ్రాసితివి?" అని నిలదీయగలడు. ప్రకటనల సొమ్మే పత్రికను పోషించుచున్ననాడు ఆ నిలదీయు హక్కు సొమ్మిచ్చినవాని చేతికి పోవును. దానిని సభ్యులు తమ చేతిలోనే యుంచుకొనవలెనని మేము కోరుచున్నాము.